దవడ ముందు చిటికెడు పొగాకు

చచ్చిపోయే ముందు మొదెస్త్ మాంట్లా చేసిన చివరి పని, మంట మీద నుంచి టీ కెటిల్ దించడం.

వెనక విల్లో పొదల్లో అడుగుల చప్పుడైంది. తల తిప్పి చూశాడు. పక్కనే రైఫిల్ ఉంది, కానీ చెయ్యి అటు పోలేదు. వచ్చినవాణ్ణి చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"నువ్వా! ఇంత పొద్దున్నే నడిచొచ్చావా? పడవేదీ? సరే సరే, కూర్చో. సరిగ్గా టీ దించే వేళకే దిగుతావు నువ్వు. కప్పు తెచ్చుకున్నావా, నాదే లాక్కుంటావా?"

మొదటి తూటా గొంతులో దిగింది. రెండోది ఛాతీలో. కెటిల్ మంటలో పడి బుస్సుమంది. మొదెస్త్ టీ గిన్నె మూత చేత్తో పట్టుకునే ఒరిగిపోయాడు.

వచ్చినవాడు గుడారం చింపాడు. సంచులు బోర్లించాడు. మొదెస్త్ పడవ తిరగేసి కింద మట్టి తవ్వాడు. కావలసింది దొరకలేదు. ఎదురుగా మడుగులో మొదెస్త్ వేసిన చేపల వల తాలూకు కొయ్య బెండు ఊగుతోంది. దానివైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. గట్టిగా తిట్టుకుంటూ చచ్చినవాడి పడవనే నీళ్ళలోకి నెట్టాడు.

ఎక్కబోయి ఆగాడు. టోపీ తీశాడు. చొక్కా లోపల నుంచి చిటికెడు పొగాకు తీసి, పెదవులు కదిపి, నీళ్ళలో వదిలాడు. అప్పుడు ఎక్కాడు.

రెండు పొగాకు పీచులు తడి రాతికి అంటుకుని ఉండిపోయాయి.

*

ఉత్తరాది మంచు అడవుల ఊరు యెల్లోనైఫ్‌లో, నీళ్ళ మీద దిగే ఫ్లోట్ ప్లేన్ల రేవు పక్కన ఒక రేకుల షెడ్డు. బయట 'పడవలు రిపేరు చేయబడును' అని బోర్డు. అక్కడ ఒక్క పడవ రిపేరవగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

తలుపు దగ్గర మనిషి అడిగాడు. "నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

"తాగినవాళ్ళని అడుగు," అంది సెలెస్తీన్ మాంట్లా. తలుపు తెరుచుకుంది.

సెలెస్తీన్‌కి ముప్పై ఆరేళ్ళు. పొట్టి మనిషి. ఊళ్ళో అందరికీ ఆమె టూరిస్టుల పడవల్లో వంటమనిషి. షెడ్డు లోపలి గూఢచారి ఆఫీసు ఫైల్లో ఆమె పేరు ఏజెంట్ కాకి. చచ్చిపోయిన మొదెస్త్‌కి సొంత అక్క. తమ్ముణ్ణి ఆఫీసు పనిలోకి తెచ్చింది కూడా ఆమే. పాతిపెట్టి వారం కాలేదు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

కర్నల్ హాలోరన్ సానుభూతి చెప్పలేదు. ఆయనకి ఆ విద్య రాదు. టేబుల్ మీద మ్యాప్ పరిచాడు.

"పోయిన చలికాలం ఆకాశంలోంచి ఒక పరాయి ఉపగ్రహం మన అడవిలో పడింది. ముక్కలన్నీ ఏరాం. దాని గుండె ఒక్కటే దొరకలేదు. టీ కెటిల్ అంత సీసం డబ్బా. లోపల అణు ఇంధనం. మూత గట్టిగా ఉన్నంతసేపు పెంపుడు పిల్లి. మూత పగిలిందా..."

"నది చస్తుంది."

"నది ఒక్కటే కాదు."

ఆమెకి చెప్పక్కర్లేదు. ఆ నది చివర మా ఊరు ఫోర్ట్ ట్రుయిట్ ఉంది. అక్కడ ఆమె తల్లి రోజూ పొద్దున్నే బకెట్ పట్టుకుని ఒడ్డుకి దిగుతుంది. మొదెస్త్ పిల్లలు అక్కడే ఈదుతారు. మా ఊళ్ళో కుళాయిలు లేవు. నదే కుళాయి.

"నీ తమ్ముడి ఆఖరి రేడియో మెసేజ్: దొరికింది, దాచాను. అంతే. తర్వాత లైన్ చచ్చిపోయింది," అన్నాడు కర్నల్. "దీని వెనక ఉన్న ముఠా పేరు లాంతరు. ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకి అమ్ముతారు. వాళ్ళ మనిషి డాక్టర్ క్రెస్, పక్షుల శాస్త్రవేత్త వేషంలో కెనూ పడవల యాత్రకి టికెట్ కొన్నాడు. నీ తమ్ముణ్ణి చంపింది అతనే అయ్యుండాలి."

సెలెస్తీన్ హత్య జరిగిన చోటు ఫోటోలు ఒక్కొక్కటే చూస్తోంది. ఒక దాని దగ్గర వేలు ఆగింది.

"ఈ రాతి మీద అంటుకున్నదేంటి?"

"పొగాకు. నీ తమ్ముడిది."

"మా తమ్ముడు నీళ్ళకి పొగాకు పెట్టడు. టీ ఆకు పెడతాడు. చిన్నప్పుడు మా అమ్మ వాడికి అదే అలవాటు చేసింది."

"అయితే?"

"చంపినవాడు పడవెక్కే ముందు నీళ్ళకి పెట్టుకున్నాడు కర్నల్. మీ క్రెస్ పెట్టడు. వాడికి తెలీదు. ఇది మావాడి పని."

కర్నల్ నిట్టూర్చాడు. "చిటికెడు పొగాకుతో కేసు నిలబడదు కాకీ."

"మీ కోర్టులో నిలబడదు. మా నది మీద నిలబడుతుంది."

కర్నల్ మాట మార్చాడు. గోడకి ఆనించిన తెడ్డు తీసి ఇచ్చాడు. చూడ్డానికి మామూలు చెక్క తెడ్డే. పిడి మెలిపెడితే కొసలోంచి తూటా పేలుతుంది. ఒక్కటే తూటా. "దీని సంగతి నీకూ నాకూ తెలుసు. యాత్ర నడిపే గైడుకి తెలుసు. వాడు మనవాడే. ఏజెంట్ ఫిడేలు."

"అంటే?"

"గాస్పార్ లావియోలెట్."

సెలెస్తీన్ ముఖంలో ఏమీ కదల్లేదు. గాస్పార్ ఆమె మేనమామ కొడుకు. బావ. ఇద్దరూ ఒకే కుండలో దుప్పి పులుసు తాగి పెరిగారు.

"మంచిది," అంది. తెడ్డు భుజాన వేసుకుని బయటికి నడిచింది.

*

గాస్పార్ లావియోలెట్ అందగాడని చెప్తే తక్కువ చెప్పినట్టు. నల్లటి పొడుగు జుట్టు, నవ్వితే బుగ్గన సొట్ట, చేతిలో ఫిడేలు. వాడు ఫోర్ట్ ట్రుయిట్ హాల్లో ఫిడేలు తీస్తే ముసలమ్మలు కర్రలు పారేసి డాన్సుకి లేచేవాళ్ళు. అలాంటివాణ్ణి అనుమానించాలంటే ముందు మన మీద మనకే చీదర పుడుతుంది. సెలెస్తీన్‌కి పుట్టింది కూడా.

నది పుట్టే సరస్సు దగ్గర ప్లేన్ వాళ్ళని దింపి వెళ్ళిపోయింది. రెండు పడవలు, నలుగురు మనుషులు. ఒకదాంట్లో గాస్పార్, డాక్టర్ క్రెస్. క్రెస్ సన్నగా, శుభ్రంగా, మెడలో బైనాక్యులర్‌తో ఉన్నాడు. రెండోదాంట్లో సెలెస్తీన్, విన్నిపెగ్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టర్ పెటిగ్రూ. ఈయన ముఠా కాదు, ఆఫీసూ కాదు. పాపం, నిజంగానే సెలవుల్లో వచ్చాడు.

"చూడమ్మాయ్, నా పళ్ళు చూడు," అన్నాడు పెటిగ్రూ, పరిచయమైన రెండో నిమిషంలోనే. "యాభై ఎనిమిదేళ్ళు. ఒక్కటి కదిలిందా? పుచ్చిందా? ఏదీ, నువ్వు నోరు తెరువు."

"అన్నం పెట్టే చేతిని చూడండి డాక్టరు గారూ, నోరెందుకు?" అంది సెలెస్తీన్.

పడవలు నీళ్ళలో దించాక గాస్పార్ టోపీ తీశాడు. మెడలోని తోలు సంచి విప్పాడు. దుప్పి తోలు మీద నీలం పూసల పువ్వులు. సెలెస్తీన్ తల్లి కుట్టింది. కొడుక్కొకటి, మేనల్లుడికొకటి కుట్టింది. మొదెస్త్ సంచీలో టీ ఆకు ఉండేది.

గాస్పార్ చిటికెడు పొగాకు నీళ్ళలో వదిలాడు. అంతసేపు నవ్వుతూ తుళ్ళుతూ ఉన్నవాడు ఆ క్షణం పూజారిలా అయిపోయాడు.

"మీరూ ఏదో ఒకటి పెట్టండి. అగ్గిపుల్లయినా సరే, గుండీ అయినా సరే," అన్నాడు క్లయింట్లతో. "పొద్దున బయల్దేరేటప్పుడు ఒకసారి. దవడ ముందు మళ్ళీ విడిగా."

"దవడ ఏంటి?" అని అడిగాడు క్రెస్.

"కింద నది ఇరుక్కుని దూకే రాతి సందు. మా నాన్న ఒకసారి తాగి, పెట్టకుండా దూకాడు." గాస్పార్ గొంతు చిన్నదైంది. "టోపీ దొరికింది."

క్రెస్ మర్యాదగా ఒక నాణెం విసిరాడు. పెటిగ్రూ మాత్రం చేతులు కట్టుకున్నాడు. "నేను పళ్ళ డాక్టర్నయ్యా. పుచ్చుకోవడమే గానీ ఇవ్వడం మా వృత్తిలో లేదు."

గంట తిరక్కుండా మొదటి రాపిడ్‌లోనే, నీళ్ళు రాళ్ళ మీద ఉరికే చోట, ఆయన పక్కకి వాలి నీళ్ళలో పడ్డాడు. సెలెస్తీన్ కాలర్ పట్టుకుని లాగి ఒడ్డున పడేసింది. ఆయన చేసిన మొదటి పని రెండు చేతులతో నోరు మూసుకోవడం. "పళ్ళు కొట్టుకుంటున్నాయి, చలి," అన్నాడు వేళ్ళ సందుల్లోంచి.

"నీళ్ళు మర్యాదగా అడిగాయి డాక్టరు గారూ. రెండోసారి అడగవు," అన్నాడు గాస్పార్. అందరూ పడీ పడీ నవ్వారు.

రోజులు అలాగే సాగాయి. రాపిడ్స్, మోతదారులు, నల్ల ఈగలు. పడవ మీద పోలేని చోట దాన్ని నెత్తిన పెట్టుకుని అడవిలో నడవడమే మోతదారి. మా మెడలు పొట్టిగా ఉండడానికి అదే కారణమని మా అమ్మమ్మ అనేది. సాయంత్రాలు గాస్పార్ ఫిడేలు వాయించేవాడు.

"ఏమే సెలెస్తీ, ఈ బానక్ రొట్టెతో దుప్పిని కొట్టి చంపొచ్చు," అనేవాడు.

"నోరు మూసుకుని తిను బావా. దుప్పికి నీకన్నా విశ్వాసం ఉంటుంది."

అని తలొంచుకునేది. ఒకప్పుడైతే అది సరసం. ఇప్పుడు ఆ మాట అంటున్నప్పుడల్లా ఆమె వాడి కళ్ళు వెతికేది. ఏమీ దొరికేది కాదు.

క్రెస్ పక్కన లేనప్పుడు గాస్పార్ గొంతు తగ్గించి అడిగేవాడు. "మొదెస్త్ ఎక్కడ దాచుంటాడంటావు? నువ్వు అక్కవి. వాడి బుర్ర నీకే తెలుస్తుంది." ఒకసారి అడిగితే డ్యూటీ. పొయ్యి దగ్గర, పడవ దగ్గర, నిద్రలేవగానే కూడా అదే అడిగాడు. అప్పుడు సెలెస్తీన్‌కి తనని ఇంకా బతకనిస్తున్నది ఎందుకో అర్థమైంది.

*

మొదెస్త్ చచ్చిపోయిన చోటికి చేరేసరికి మధ్యాహ్నం. మంట కాలిన మచ్చ అలాగే ఉంది. మసిబారిన కెటిల్ ఒక పక్కన పడి ఉంది. మడుగులో కొయ్య బెండు ఇంకా ఊగుతోంది.

సెలెస్తీన్ దాన్ని చూసింది. తమ్ముడి బుర్ర ఒక్కసారిగా విప్పినట్టు కనిపించింది.

ఎవరి వల వాళ్ళే ఎత్తాలి. వేరేవాళ్ళ వల ముట్టుకోవడం మా దగ్గర దొంగతనం కన్నా నీచం. చచ్చినవాడి వలైతే నెత్తురు పంచుకున్నవాళ్ళే ఎత్తాలి. చంపినవాడు మావాడైతే గుడారం చింపుతాడు, మట్టి తవ్వుతాడు, శవం జేబులు కూడా తడుముతాడు. వల మాత్రం ముట్టుకోడు. తనని చంపేది తనవాడే కావచ్చని మొదెస్త్ ముందే అనుకున్నాడన్నమాట. అనుకుని కూడా టీ పోయబోయాడు, పిచ్చి వెధవ.

ఆమె ఒక తప్పు చేసింది. తెడ్డులో తూటా ఉంది, చూద్దాం, ఎవడు ముందు బయటపడతాడో చూద్దాం అనుకుంది. ఆ నిజం తెలియకుండా ఇంకొక్క పూట కూడా వాడి ఫిడేలు వినలేననిపించింది.

"మా తమ్ముడి వల ఎత్తాలి," అని పైకే అంది.

నడుం లోతు నీళ్ళలో దిగి లాగింది. కుళ్ళిన చేపల కంపు గుప్పుమంది. వల అడుగున, రాయి కట్టాల్సిన చోట, సీసం డబ్బా. తమ్ముడు కట్టిన ముడి. ఆ ముడి వాడికి నేర్పింది తనే. కళ్ళు మసకబారాయి. డబ్బా ఎత్తుకుని ఒడ్డుకొచ్చింది.

"చాలా థాంక్సండీ, వంటమనిషి గారూ," అన్నాడు క్రెస్. చేతిలో బైనాక్యులర్ లేదు. పిస్టల్ ఉంది.

పెటిగ్రూ తెల్లబోయాడు. "పక్షులకి పిస్టల్ ఎందుకండీ?"

క్రెస్ అటు చూడకుండానే ఆయన తొడలో కాల్చాడు. పెటిగ్రూ కేక పెట్టి కూలబడ్డాడు. సెలెస్తీన్ డబ్బా వదిలేసి తెడ్డు అందుకుని, కొస క్రెస్ గుండెకి పెట్టి పిడి మెలిపెట్టింది.

టిక్. అంతే.

వెనక నుంచి గాస్పార్ మెల్లగా నవ్వాడు. "ఆ తూటా నా జేబులో ఉంది సెలెస్తీ. నువ్వు మొదటి రోజు రొట్టె కాలుస్తున్నప్పుడే తీసేశాను."

ఆమె తల తిప్పలేదు. "మొదెస్త్ నీకు టీ పోశాడా బావా?"

గాస్పార్ నవ్వడం ఆపాడు.

"పోయబోయాడు. నేనే ఆగలేదు. ఆగితే తాగేవాణ్ణి. తాగితే చంపలేకపోయేవాణ్ణి." నదివైపు చెయ్యి చూపించాడు. "ఈ నది మనకేమిచ్చిందే? ఈగలు ఇచ్చింది. మా నాన్న టోపీ ఇచ్చింది. నాకు దక్షిణాన ఇల్లు కావాలి. వేడినీళ్ళొచ్చే కుళాయి కావాలి."

"కుళాయి కోసం!" సెలెస్తీన్ అరిచింది. ఆ అరుపుతోనే తెడ్డు తిప్పింది.

తెడ్డుని ఆఫీసు వాళ్ళు తుపాకీ చేశారు. ఆమె దాన్ని మళ్ళీ తెడ్డులాగే వాడింది. చదునైన అంచు క్రెస్ మెడ పక్కన గొడ్డలిలా దిగింది. ఎముక విరిగిన శబ్దం పెటిగ్రూకి కూడా వినిపించింది. పిస్టల్ ఆకాశంలోకి పేలింది. రెండో దెబ్బకి క్రెస్ మోకాళ్ళ మీద పడ్డాడు, మూడో దెబ్బకి మొహం నీళ్ళలో పెట్టి పడ్డాడు. బుడగలు వచ్చాయి. తర్వాత అవి కూడా ఆగిపోయాయి.

అప్పటికే గాస్పార్ ఆమె మీద పడ్డాడు. ఇద్దరూ రాళ్ళ మీద దొర్లారు. వాడు ఆమె జుట్టు పట్టుకుని తల రాతికేసి కొట్టాడు. ఆమె వాడి చెవి కొరికి, చొక్కా పట్టుకుని మోకాలితో కడుపులో పొడిచింది. ఏదో తెగింది. వాడు వెనక్కి తుళ్ళిపడి, నడుం దగ్గరి రివాల్వర్ లాగి కాల్చాడు. తూటా ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. ఆమె వెల్లకిలా నదిలో పడింది. ప్రవాహం లాక్కుపోయింది. వాడు ఇంకా రెండుసార్లు కాల్చాడు. నీళ్ళ మీద ఆమె తలగుడ్డ ఒక్కటే తేలుతూ పోయింది.

గాస్పార్ ఒగరుస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఒక పడవ అడుగు చేగొడ్డలితో చీల్చాడు. రెండోదాంట్లో సీసం డబ్బా పెట్టి తాడుతో బిగించాడు. రాపిడ్ ముందు ఏ గైడైనా సామాను కట్టకుండా కదలడు, ఎంత తొందరైనా సరే. రేడియో, రైఫిల్ అందులోనే పడేశాడు.

"నన్నేం చేస్తావయ్యా?" అన్నాడు పెటిగ్రూ నేల మీద నుంచి.

"తూటా దండగ. ఈగలున్నాయిగా," అని పడవ నెట్టాడు గాస్పార్.

*

సెలెస్తీన్ చావలేదు. వంపు అవతల విల్లో కొమ్మ పట్టుకుని పాక్కుంటూ ఒడ్డెక్కింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. పెటిగ్రూ దగ్గరికొచ్చి, తమ్ముడి వల తాడు కోసి ఆయన తొడకి కట్టింది. తన భుజంలో స్ప్రూస్ చెట్టు బంక కుక్కుకుంది.

"నొప్పి ఉండదు," అంది తాడు బిగిస్తూ.

"నేనూ పేషెంట్లకి అదే చెప్తాను," అన్నాడు పెటిగ్రూ కళ్ళనీళ్ళతో. "పచ్చి అబద్ధం."

ఆమె కుడి మణికట్టుకి ఏదో తాడు చుట్టుకుని ఉంది. విప్పి చూసింది. కొసన తోలు సంచి. నీలం పూసల పువ్వులు. పెనుగులాటలో తెగింది ఇదే. వాడు చూసుకోలేదు. పొద్దున పెట్టాల్సింది పొద్దునే పెట్టేశాడు కాబట్టి మెడ తడుముకోలేదు.

దవడ ముందు తడుముకుంటాడు.

తనవాళ్ళని అమ్మేశాడు. తమ్ముణ్ణి చంపాడు. కానీ టోపీ తప్ప ఏమీ మిగలని తండ్రికి కొడుకు. దవడ ముందు ఆగకుండా వాడు దూకడు. దవడ దాటితే సరస్సు, ప్లేన్ దిగే వీలున్నది అక్కడే, కొనేవాళ్ళు అక్కడే ఎదురుచూస్తూ ఉంటారు.

నది అక్కడ పెద్ద వంపు తిరిగి దవడకి చేరుతుంది. మోతదారి అడ్డంగా పోతుంది. తను చచ్చిందనుకున్నాడు కాబట్టి వాడు తొందరపడడు.

"డాక్టరు గారూ, మంట ఆరనివ్వకండి. పచ్చి కొమ్మలు వెయ్యండి, పొగ రావాలి. పొగుంటే ఈగలు రావు, ఆఫీసు ప్లేన్ వస్తుంది."

"ఏ ఆఫీసు? నువ్వు వంటమనిషివి కదా!"

"అవును. అందుకే రొట్టె అలా ఉంది," అని పరిగెత్తింది.

నాచు, బురద, పడిపోయిన చెట్లు. భుజం లోంచి నెత్తురు మోచేయి దాకా కారుతోంది. రెండుసార్లు పడింది. రెండోసారి లేవబుద్ధి కాలేదు. అమ్మ బకెట్‌తో ఒడ్డు దిగుతున్నట్టు కనిపించింది. లేచింది.

*

దవడ ముందు ఒక చదును బండ ఉంది. తరతరాలుగా అందరూ పడవ ఆపేది అక్కడే. అవతల రెండు నల్లటి రాతి గోడల మధ్య నది తెల్లగా దూకుతుంది. మాట వినిపించాలంటే అరవాలి.

గాస్పార్ పడవ ముక్కుని బండకి ఆనించి, ముందు తాడు రాతికి ఒక చుట్టు చుట్టి, పడవలోనే నిలబడ్డాడు. టోపీ తీశాడు. చెయ్యి మెడకి వెళ్ళింది.

సంచి లేదు.

చొక్కాలో చూశాడు. ప్యాంటు జేబులు తిరగేశాడు. ఒంగి పడవ అడుగున వెతికాడు. అగ్గిపెట్టె తడిసి ముద్దయింది. అందగాడి మొహం పాలిపోయింది. దవడకి పొగాకే పెట్టాడు వాడు జీవితమంతా. దూకబోయి ఆగాడు. తాడు విప్పబోయి మళ్ళీ మెడ తడుముకున్నాడు. క్రెస్ అయితే ఈపాటికి సరస్సులో ఉండేవాడు.

"ఇదా వెతుకుతున్నావు బావా?"

బండ పైన సెలెస్తీన్ నిలబడి ఉంది. ఒళ్ళంతా బురద, నెత్తురు. చేతిలో పూసల సంచి.

గాస్పార్ దయ్యాన్ని చూసినట్టు చూశాడు. రైఫిల్ వైపు కాదు, చేగొడ్డలి వైపు వంగాడు. సీసం డబ్బా మూత మీద ఎత్తి పట్టుకున్నాడు.

"అక్కడే ఆగు! ఒక్క దెబ్బ చాలు. అత్త రేపు పొద్దున ఏ నీళ్ళు తాగుతుందో ఆలోచించుకో!"

"నిన్ను చంకనెత్తుకుని అన్నం పెట్టింది రా ఆవిడ!"

"అందుకే చెప్తున్నా! వెనక్కి నడువు! నన్ను పోనీ!"

గొడ్డలి మూతకి జానెడు ఎత్తున ఉంది. సెలెస్తీన్ చూసింది. తన దగ్గర ఆయుధం లేదు. ఒక చెయ్యి పనిచెయ్యదు. ఒక్క అడుగు వేస్తే గొడ్డలి దిగుతుంది. దిగితే ఫోర్ట్ ట్రుయిట్ ఇక ఊరు కాదు.

"సరే," అంది. "పోతున్నావుగా. పెట్టుకుని పో. మీ నాన్నలా పోకు."

సంచి విసిరింది. వాడికి కాదు. వాడికి ఎడంగా, నీళ్ళ వైపు.

ఆలోచించే టైమ్ ఉంటే వాడు కదిలేవాడు కాదు. కానీ నీలం పూసలు గాల్లో మెరిశాయి. పొగాకు సంచి నీళ్ళలో పడిపోతుందంటే మావాళ్ళెవరి చెయ్యైనా దానంతటదే లేస్తుంది. గొడ్డలి వదిలేసి రెండు చేతులూ చాచాడు. పట్టుకున్నాడు కూడా. ఆ క్షణంలోనే సెలెస్తీన్ ముందుకు దూకి తాడు పట్టుకుని, బలమంతా పెట్టి లాగింది.

పడవ కాళ్ళ కింద నుంచి జరిగిపోయింది. గాస్పార్ వెనక్కి పడ్డాడు. ప్రవాహం వాణ్ణి ఎత్తుకుంది. ఒకసారి తల పైకొచ్చింది. చెయ్యి పైకొచ్చింది. చేతిలో సంచి ఉంది.

"సెలెస్తీ! ముడి... ముడి రావట్లేదే!"

ఒక చేత్తో ఈదుతూ, పళ్ళతో సంచి ముడి లాగుతున్నాడు. ఒడ్డు వైపు ఈదడం లేదు. ముందు పెట్టాలి, తర్వాతే మిగతాది. దవడ వాణ్ణి ముడి విప్పకముందే మింగింది.

తాడు సెలెస్తీన్ అరచేతుల్లోంచి చర్మం వలుచుకుంటూ జారుతోంది. పడవ వెనక భాగం తెల్ల నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆమె తాడుని నడుముకి చుట్టుకుని, రాతి సందులో కాళ్ళు తన్ని, వెల్లకిలా పడి పట్టుకుంది. ఏడుస్తూ, తిడుతూ, వాణ్ణి, తమ్ముణ్ణి, కర్నల్‌ని అందర్నీ తిడుతూ జానెడు జానెడుగా లాగింది. చివరికి పడవ బండకి తగిలింది. గొడ్డలి పడవ అడుగున పడి ఉంది. సీసం డబ్బా బావ కట్టిన ముళ్ళలోనే గట్టిగా ఉంది. మూత మీద గీత కూడా లేదు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలీదు. దవడ పట్టింది.

*

పెటిగ్రూ వేసిన పొగ చూసి ఆఫీసు ప్లేన్ వచ్చింది. సరస్సులో కాచుకున్న పరాయి ప్లేన్, కర్నల్ మనుషుల్ని చూసి లేవబోయి ఇంజన్‌లో తూటాలు తిని మునిగింది. అందులోంచి ఈదుకుంటూ వచ్చినవాళ్ళు చేతులెత్తారు.

"ఫిడేలు శవం దొరకలేదు," అన్నాడు కర్నల్.

"దవడ తొందరగా తిరిగివ్వదు." సెలెస్తీన్ నదివైపే చూస్తోంది. "మా అమ్మకి నేనే చెప్పాలి. ఇద్దరి సంగతీ."

కర్నల్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పొగాకు పీచుల గురించి... నువ్వు చెప్పింది రైటే."

మొదెస్త్ చచ్చిపోయిన ఒడ్డున అతని టీ డబ్బా దొరికింది. ఆమె చిటికెడు ఆకు తీసి తమ్ముడి పేరున నీళ్ళలో వదిలింది. కాసేపాగి, పళ్ళు బిగించి, ఇంకో చిటికెడు తీసింది. అది ఎవరి పేరునో పైకి చెప్పలేదు.

స్ట్రెచర్ మీద పెటిగ్రూని ప్లేన్‌లోకి ఎక్కించారు. పైలట్ ఇంజన్ స్టార్ట్ చెయ్యబోయాడు.

"ఆగండాగండి!" అని అరిచాడు పెటిగ్రూ. "ఈ ప్లేన్ నీళ్ళ మీదే కదా పరిగెత్తేది?"

"అవును. అయితే?"

ఆయన జేబులు తడిమాడు. ఏమీ లేవు. వాచీ ఎక్కడో కొట్టుకుపోయింది. ఒక్క క్షణం ఆలోచించి, అటు తిరిగి నోట్లో వేళ్ళు పెట్టాడు. కిటికీలోంచి ఏదో నీళ్ళలో టుపుక్కుమని పడింది.

"ఇప్పుడు పోనివ్వండి," అన్నాడు పెటిగ్రూ. మాట గాలిలా వచ్చింది. నోట్లో పైవరసా లేదు, కిందివరసా లేదు.

సెలెస్తీన్ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఒక శాస్త్రవేత్త, ఒక వంటమనిషి, ఒక ఫిడేలు. ఆ యాత్రలో ఇన్ని వేషాలు బయటపడ్డా, చివరిదాకా ఎవరూ పసిగట్టలేని వేషం పళ్ళ డాక్టరు గారి పళ్ళే.